గేటు వెడల్పు

ఆ పొద్దు ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. ఎల్బీనగర్ దిక్కు నుంచి లేచిన మబ్బు దిల్‌సుఖ్‌నగర్ దాకా పాకి, నీళ్ల ట్యాంకుల మీద, డిష్ గొడుగుల మీద, కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఆగిపోయింది. కురవలేదు, విచ్చుకోనూ లేదు. ఊళ్లో అయితే ఇలాంటి మబ్బును చూసి అంతయ్య నాయిన మట్టయ్య చేని గట్టున కూచుని, ఎడ్లను విప్పాలా వద్దా అని చుట్ట ముట్టించేవాడు. ఇక్కడ ఇంటి ఓనరు అదే మబ్బును చూస్తూ, మోటరు ఇప్పుడే వెయ్యాలా, కాసేపు ఆగాలా అని మేడ మీద నిలబడి ఉన్నాడు. అంతయ్య మెట్లు దిగుతూ ఆయన వంక చూశాడు, ఆయనా చూశాడు. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో కిరాయికి ఉంటున్నా వాళ్లిద్దరి మధ్య పలకరింపు అంతే. గేటు తీసి, బయటికొచ్చి, మళ్లీ చప్పుడు కాకుండా గడియ వేస్తుంటే, వేళ్లు కాసేపు ఆ గడియ మీదే ఉండిపోయాయి. ఈ గేటు రెక్క ఒకటే తెరుచుకుంటుంది, రెండోది ఎప్పుడో తుప్పు పట్టి బిగుసుకుపోయింది, రెండో రెక్క కూడా తెరుచుకుంటే ఒక మంచం అడ్డంగా పడుతుంది. ఈ లెక్క ఇప్పుడెందుకు అని తనను తానే కసిరి, రోడ్డెక్కాడు.

నడవక తప్పదు. సమ్మె మొదలై వారాలు దాటింది. తెలంగాణ తేలేదాకా బండి కదలదని అన్ని డిపోలూ ఒక్క మాట మీద ఉన్నాయి. సగం వయసు బస్సులో నిలబడే గడిపిన కండక్టరు అంతయ్య, ఇన్నాళ్లలో మొదటిసారి తన రూటును తన కాళ్లతో కొలుస్తున్నాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఇవాళ వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే బంతి కూచుని తింటారు, ఆ పూటంతా హైవే ఆగిపోతుంది. అంతయ్య భార్య సైదమ్మ పొద్దుగాల్నే డ్రైవరు మహేందర్ భార్యతో కలిసి ఆటోలో వెళ్లింది. హాస్టల్లో రెండు వందల మంది ఆడపిల్లలకు వండే చెయ్యి, అలాంటి చోటికి ఆమెను పిలవకుండా ఎవరుంటారు. అంతయ్య బువ్వ వేళకు అక్కడికి చేరాలి. చేరితే ఊరికే తిని రావడానికి లేదు, ఇద్దరు మనుషులకు జవాబు చెప్పాలి. బాటసింగారంలో తన పక్క ప్లాటే చూపించిన మహేందర్‌కు ఒక మాట. మీర్‌పేట్‌లో రెండు గదుల ఇల్లు అమ్మకానికి పెట్టి, ఇవాళే విజయవాడ బయల్దేరుతున్న భానుమూర్తి సారుకు ఒక మాట. ఒకరికి అవునంటే ఇంకొకరికి కాదనాలి. సొసైటీ లోను సమ్మెకు ముందే చేతికొచ్చింది, అలాంటి డబ్బు వాళ్ల బతుకులో ఇంకోసారి రాదు. అక్కడ ఉత్త నేల, ఇక్కడ గోడలు, ధర మాత్రం అటూ ఇటూ సమానం. నిన్న రాత్రి పడుకునేముందు, నీ మాట ఏందే అని సైదమ్మను అడిగాడు. రేపు చెప్తా అని అటు తిరిగి పడుకుంది. తెల్లారేసరికి మనిషి లేదు.

డిపో గేటు దగ్గర టెంటు కింద పదిమంది కూచుని ఉన్నారు. లోపల బస్సులు వరసగా, కడిగేవాళ్లు లేక, అద్దాల మీద దుమ్ము, ఆ దుమ్ములో ఎవరో వేలితో రాసిన జై తెలంగాణ. అంతయ్య చెయ్యెత్తి ముందుకు కదిలాడు. ఎడమ చంకలో టిక్కెట్ల సంచి లేని చోట గాలి తగులుతుంటే ఒంటి మీద చొక్కా లేనట్టు ఉంది. బస్టాపులో జనం ఉన్నారు, బస్సు రాదని తెలిసీ బస్టాపులోనే నిలబడతారు, ఇంకెక్కడ నిలబడాలో తెలియదు కదా. షేర్ ఆటో వస్తే మీద పడుతున్నారు. అంతయ్యకు వాళ్ల మొహాలు చూస్తే ఎక్కడ దిగేవాళ్లో తెలిసిపోతుంది. పుస్తకాల బ్యాగు కడుపుకు పట్టుకున్న పిల్ల చైతన్యపురి. చేతిలో ఖాళీ పూలబుట్ట ఉన్న ఆమె సరూర్‌నగర్. టిఫిను డబ్బా రుమాలుతో ముడేసుకున్నతను ఎల్బీనగర్ దాటి వెళ్తాడు, సీటు దొరికితే నిద్రపోతాడు, స్టేజీ రాగానే ఎవరూ లేపకుండానే లేస్తాడు. ఇంతమందిని ఎవరి ఇంటి దగ్గర వాళ్లను దింపిన మనిషికి తను దిగే స్టేజీ ఏదో తెలియకపోవడం నవ్వొచ్చే సంగతే. మహేందర్ అయితే నవ్వుతూనే ఉంటాడు. మొన్న టెంటు కింద అందరి ముందర అననే అన్నాడు, "ఏమన్నా, పొద్దంతా తెలంగాణ అంటవ్, పొద్దుగూకంగనే ఆంధ్ర సారు ఇంటికి పోతవ్. సమ్మెల గూడ ఆయనకు టికెట్ గొడ్తున్నవా ఏంది?" అందరూ నవ్వారు, అంతయ్యా నవ్వాడు, కానీ ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా పళ్ల మధ్య పోకచెక్కలా ఇరుక్కుని ఉంది.

భానుమూర్తి సారును ఎవరూ పొమ్మనలేదు. లెక్కల మాస్టారు ఆయన, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగులో పదిహేనేళ్లుగా చెబుతున్నాడు. బందులూ ధర్నాలూ మొదలయ్యాక పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయారు, ఆ కోచింగు వాళ్లు విజయవాడలో కొత్తగా పెట్టి ఆయనను అక్కడికి రమ్మన్నారు. ఇల్లు చూపించిన రోజు ఆయన భార్య లలితకుమారి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. సారు గ్లాసు అందుకుంటూ, అంతయ్య అడగని ప్రశ్నకు జవాబు చెప్పాడు. "భయపడి వెళ్తున్నామనుకోకండి అంతయ్య గారూ. ఖాళీ బెంచీలకి ఎన్నాళ్లని చెప్పమంటారు?" ఆ మాటకు అంతయ్య గేటు వంక చూశాడు. ఆ రోజు గేటు వంక చాలాసార్లు చూశాడు.

చైతన్యపురి దగ్గర గాలి దక్షిణం నుంచి తిరిగి సరూర్‌నగర్ చెరువు వాసన మోసుకొచ్చింది. గుర్రపుడెక్క కుళ్లిన వాసన, దానిలో ఎక్కడో అడుగున అసలు చెరువు వాసన కూడా ఉంటుంది, మట్టిదీ నాచుదీ, ముక్కు ఓపిక పడితే దొరుకుతుంది. నాయినకు దొరికింది. కంటి ఆపరేషనుకని పట్నం వచ్చినప్పుడు, చెరువు చూస్తానంటే అంతయ్య తీసుకెళ్లాడు, నాయిన కట్ట మీద నిలబడి చాలాసేపు చూసి, గిన్ని నీళ్లు పెట్టుకొని ట్యాంకర్ల కోసం బిందెలేసుకుని కొట్లాడుతరేందిరా మీరు అన్నాడు. ఇంటికొచ్చాక గది నాలుగు మూలలా చూసి, గోడ మీద చెయ్యి వేసి, ఇల్లు మంచిగనే ఉన్నది, ఎవరిది అని అడిగాడు. తెలియక కాదు. ఓనరుదే నాయినా అంటే, ఊఁ అని, చెయ్యి గోడ మీద నుంచి తీసేశాడు. ఎంత మెల్లగా తీశాడో, పరాయివాళ్ల ఎద్దు మీద వేసిన చెయ్యి తీసినట్టు. కంటి ఆపరేషను కాకముందే గుండె ఆగింది. దవాఖానలో. మధ్యాహ్నం పూట. వాళ్లు ఇచ్చిన వ్యానులో తీసుకొచ్చి, గల్లీలో ఆపి, అంతయ్య గేటు తీయబోతే ఓనరు ఎదురొచ్చాడు. చెడ్డ మనిషి కాదు, ఇప్పటికీ కాదు. కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి. "తమ్మీ, మీ నాయిన నాకు నాయిన లెక్కనే. గని కిరాయి ఇంట్ల పీనుగను పెట్టనియ్యరు, నీకు తెల్వదా. మల్ల మేం మూన్నెల్లు ఇల్లు పాడువెట్టాలె." ఎందుకు తెలియదు, పట్నంలో కిరాయికి ఉన్న ప్రతివాడికీ తెలుసు. గల్లీలో ఒక ఇంటి ముందు కాక రోడ్డు మూల మీద టెంటు కనిపిస్తే, అక్కడ పోయినవాళ్లు కిరాయిదార్లని చూడకుండానే చెప్పొచ్చు. ఎదురింటి హాస్టలు కిటికీల్లోంచి పిల్లలు తొంగి చూస్తుంటే నాయిన వ్యానులోనే పడుకున్నాడు, సైదమ్మ పక్కన కూచుని కొంగుతో ఈగలు తోలింది. ఓనరు భార్య రాములమ్మ వ్యాను దాకా చాయ తెచ్చింది, ఎవరూ తాగలేదు, చాయ మీద మీగడ కట్టింది. ఒంటి మీద నీళ్లు కూడా పోయకుండానే వ్యాను మళ్లీ కదిలింది, ఇదే రోడ్డు మీద, ఎల్బీనగర్ మీదుగా, ఊరికి.

అప్పటి నుంచే ఇల్లు కొనాలన్నది. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇంకా ఎన్నేళ్లని కిరాయి కడతాం అన్నాడు, పిల్ల డిగ్రీకొచ్చింది అన్నాడు, అందరూ అనే మాటలే అన్నాడు. బ్రోకర్లు వెంట తిప్పుకుంటూ నీళ్ల గురించీ వాస్తు గురించీ కాగితాల గురించీ చెబుతుంటే ఊఁ కొడుతూ, తను మాత్రం గేటు చూసేవాడు. రెక్కలు ఎన్ని, ఎంత తెరుచుకుంటాయి, ముందర ఎంత జాగా ఉంది, నలుగురు మనుషులు భుజాన మోసుకుంటూ వెనక్కి తిరగగలరా, నలభై మంది కూచోగలరా. చైతన్యపురిలో ఒక ఫ్లాటు సైదమ్మకు నచ్చింది, ధర కూడా అందుబాటులోనే ఉంది. లిఫ్టులో ముగ్గురు నిలబడితే నాలుగోవాడికి చోటు లేదు, మెట్లు చూస్తే మలుపు మలుపుకూ ఇరుకు. గాలి లేదే, వద్దు అన్నాడు. గాలి కిటికీల నిండా ఉంది. సరూర్‌నగర్ పాత ఊళ్లో ఒక పెంకుటిల్లు చూశారు, పక్కింటివాళ్లతో కలిసిన వాకిలి, రేపు వాళ్లొచ్చి అడ్డం నిలబడితే? వద్దన్నాడు. కూతురు జ్యోతిక ఇవన్నీ గమనిస్తూనే ఉంది. నాయినా, నీకు అంత ఇష్టమైతే మంచి గేటు ఒకటి కొనుక్కొచ్చి పెట్టుకుందాం, నువ్వు ముందు ఇల్లు చూడు, అని నవ్వింది. సైదమ్మ మాత్రం నవ్వలేదు. అతన్ని ఒకసారి చూసి, బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండిపోయింది.

కొత్తపేట పండ్ల మార్కెట్టు ముందర లారీలు నిలబడి ఉన్నాయి, వాటిలో నల్లగొండ బత్తాయిలు, మగ్గి, అడుగున చెమ్మ కారుతూ, ఆ తీపి పులుపు వాసన రోడ్డు మీద జారుతోంది. అంతయ్య ఆ వాసనలోంచి నడిచాడు. ఈ కాయలు కాసిన తోటల వైపే వాళ్ల ఊరు, కాయ ఇక్కడికి ఒక్క రాత్రిలో వస్తుంది, మనిషి రావడానికి ఒక వయసు పట్టింది. ఎదురుగా నెత్తిన బుట్టతో వస్తున్న ముసలామె ఆగి, అతన్ని ఎగాదిగా చూసి, నువ్వు కండక్టరువు గదా అంది. అవునమ్మా అన్నాడు. "చిల్లర లేదని నన్ను ఒకపారి నడుమల దింపినవ్, యాదికున్నదా? ఇప్పుడు నువ్వు గూడ నడుస్తున్నవ్. మంచిగైంది." తిట్టింది కాదు, నిజంగానే సంతోషంగా అంది. హయత్‌నగర్ దాకా ఏదో లారీ పట్టుకుని, అక్కణ్ణించి నడిచొస్తోందట, మార్కెట్టులో ఏమన్నా అగ్గువకు దొరికితే గల్లీల్లో అమ్ముకుందామని. పిల్లలెవరూ లేరా సాయానికి అంటే, ఉన్నరు, ఊరవతల ప్లాటు కొనుక్కొని ఇల్లు కట్టిండ్రు, సమ్మె అయినకాంచి ఆ ఇంట్లకెల్లి బయటకు రానీకె తొవ్వ లేదు వాళ్లకు, అంది. ఉంట బిడ్డా, తెలంగాణ వస్తే చిల్లర తీసుకొని ఎక్కుత నీ బస్సు, అని వెళ్లిపోయింది.

ఆమె బుట్ట జనంలో కనపడకుండా పోయినా, ఊరవతల ప్లాటు అన్న మాట మాత్రం అతని వెంటే నడిచొచ్చింది. బాటసింగారం ప్లాటు చూడటానికి మహేందర్ బండి మీద ఒక సాయంత్రం వెళ్లారు, సైదమ్మ వెనక వేరే బండి మీద మహేందర్ భార్యతో వచ్చింది. తెల్లసున్నం కొట్టిన హద్దురాళ్లు, వాటి మధ్య గడ్డి, అవతల హైవే మీద లారీల మోత. గాలి ఎంత విశాలంగా ఉందంటే అంతయ్య ఛాతీ దానంతటదే నిండింది. ప్లాటు ముందు వైపు అడుగులు వేసి కొలిచాడు. ఇక్కడ రెండు రెక్కల గేటు పెట్టొచ్చు, నాలుగు రెక్కలదైనా పెట్టొచ్చు. ఇక్కడ టెంటు వేస్తే ఊరంతా కూచోవచ్చు, ఎవడూ ఎదురొచ్చి తమ్మీ అనడు. ఊరి నుంచి అమ్మ వచ్చి ఉన్నా, రేపు ఏదైనా అయినా, ఈ నేల మీదే, తన నేల మీదే. కళ్లు చెమ్మగిల్లితే దుమ్ము పడిందన్నాడు. సైదమ్మ ఒక హద్దురాయి మీద కూచుని చీర కుచ్చిళ్లకు అంటుకున్న పల్లేరుకాయలు తీసుకుంటోంది. పక్కింటోళ్లు ఎవరు తమ్మీ అని మహేందర్‌ను అడిగింది. మేమే వదినా అన్నాడు మహేందర్ ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని. ఎప్పుడు కడ్తరు అంది. ఇగ చూడాలె, నాలుగైదేండ్లల్ల అన్నాడు. ఆమె ఇంకొక పల్లేరుకాయ తీసి, దూరంగా విసిరేసింది.

విక్టోరియా మెమోరియల్ హోమ్ గోడ వెంట నడుస్తుంటే, ఇన్నేళ్లుగా తను చూస్తూ చూడని సంగతి ఒకటి ఎదురొచ్చింది. హయత్‌నగర్ దాటాక ఆ స్టేజీల్లో దిగేవాళ్లను తను చూశాడు కదా. ఒక్కరో ఇద్దరో దిగుతారు, దిగిన వెంటనే నడవరు. బస్సు పోయేదాకా అక్కడే నిలబడి, బండి మీద ఎవరైనా వస్తున్నారేమోనని చీకటిలోకి చూస్తారు. అద్దంలో వాళ్లు చిన్నగా అయిపోయేదాకా నిలబడే ఉంటారు. మీర్‌పేట్ వైపు బస్సులో అయితే డ్యూటీ పడినప్పుడల్లా తలనొప్పి, దిగేవాళ్లు దిగరు, కూరగాయల సంచులు అడ్డం పెట్టుకుని మాట్లాడుతూనే ఉంటారు, దిగినాక కూడా మెట్టు పట్టుకుని ఇంకో మాట చెబుతారు, రైట్ రైట్ అని అరిచినా వినరు. పిల్లలు బస్సు ఆగకముందే దూకి పరిగెత్తుతారు, వాళ్ల ఇళ్లు అంత దగ్గర. ఆ అరుపులన్నీ ఇప్పుడు చెవిలో మోగుతుంటే అంతయ్య నడక కొంచెం నెమ్మదించింది. అయితే ఏమిటి. గల్లీ ఇరుకు, ఒక ఆటో వస్తే ఇంకో ఆటో ఆగాలి. గేటు ఒంటి రెక్క. లోపల నడవ మూరెడు తక్కువ. భానుమూర్తి సారు పెరటి గోడకు నల్లరంగు పూసి, దాని మీద గల్లీ పిల్లలకు సుద్దముక్కతో లెక్కలు చెబుతాడట, ఆ గోడ చూపించాడు. కిటికీలు చూపించాడు. నల్లా ఇంకా రాలేదండీ, ట్యాంకరు వస్తుంది, అబద్ధం చెప్పను అన్నాడు. అంతయ్య అన్నిటికీ తలూపుతూ మళ్లీ మళ్లీ గేటు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు. లోపల సైదమ్మ ఏం చూసిందో, ఎంతసేపు చూసిందో అతనికి తెలియదు. బయటికి వచ్చినప్పుడు ఆమె చేతిలో కరివేపాకు రెబ్బ ఉంది. ఎక్కడిది అని అడగాలని కూడా తోచలేదు.

డప్పు చప్పుడు ముందు వినిపించింది, తర్వాత పొగ, కట్టెల పొగ, తర్వాత పప్పుచారు పోపు. ఎల్బీనగర్ చౌరస్తా మొత్తం వాకిలైపోయింది. నేరుగా విజయవాడ వైపు లారీలూ కార్లూ కనుచూపు మేర ఆగి ఉన్నాయి, కుడికి సాగర్ రోడ్డు కూడా మూసుకుంది, నడుమ తారు మీద రాళ్ల పొయ్యిలు, పెద్ద పెద్ద గంజులు, గులాబీ కండువాలు తలకు చుట్టుకున్న మగవాళ్లు నీళ్లు మోస్తున్నారు, ఆడవాళ్లు కూరగాయలు కోస్తున్నారు. ఎప్పుడూ బస్సు తలుపు దగ్గర నిలబడి, జనాన్ని లోపలికి జరగమంటూ జరగమంటూ దాటిన చౌరస్తా ఇది. ఇప్పుడు పిల్లలు దాని నడిమధ్యన కూచుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నారు. మహేందర్ దూరం నుంచే చెయ్యి ఊపాడు. ప్లాటు ఓనరు పంపిన మనిషి కాబోలు, పక్కన ఒకడు మోటారు సైకిలు మీద కూచుని ఉన్నాడు. ఒక్క నిమిషం అని సైగ చేసి అంతయ్య పొయ్యిల వైపు వెళ్లాడు. సైదమ్మ కొంగు నడుముకు దోపి, పొడుగాటి తెడ్డుతో గంజులో అన్నం కలియతిప్పుతోంది. ఆవిరిలో ఆమె మొహం ఎర్రగా మెరుస్తోంది. అతన్ని చూసినా తెడ్డు ఆపలేదు.

అంతయ్య పొయ్యి పక్కన గొంతుక్కూచున్నాడు. కట్టె ఒకటి ముందుకు తోశాడు. రోడ్డంతా మనసులో చెప్పుకున్న మాటలు చాలా ఉన్నాయి, నోటికి వచ్చింది ఒకటే. "బాటసింగారం జేద్దాం. ఆడ గేటు కాడ మనల్ని ఎవ్వడు ఆపడు."

తెడ్డు ఆగింది. ఆ మాట అర్థం కావడానికి ఆమెకు క్షణం కూడా పట్టలేదని, ఎన్నో రోజులుగా ఆ మాట కోసమే చూస్తోందని ఆమె మొహం చూస్తే తెలిసింది. పక్కనున్న ఆడవాళ్లకు వినపడకుండా, కానీ ఒక్కో మాట తెంపి పెట్టినట్టు చెప్పింది. "నువ్వు ఇన్నొద్దులసంది మనకు ఇల్లు చూస్తలేవు. మామను పండుకోబెట్టనీకె జాగ చూస్తున్నవు. నాకెర్కలేదా? వ్యాన్ల నేను లేనా?"

అంతయ్య మంట వంక చూస్తున్నాడు.

"మామ పోయిండు. మంచిగనో చెడ్డగనో ఊళ్లెనే మట్టయిండు. మీర్‌పేట్ ఇంట్ల నువ్వు గేటు కాడనే ఉంటివి. నేను లోపటికి పోయిన. వంటింట్ల గట్టు ఉన్నది. నిలబడి చెయ్యి పెట్టి చూసిన, సరిగ్గ నా నడుముకొచ్చింది. హాస్టల్ల అందరికి నిలబడి వండుత, ఇంటికొచ్చి మన ముగ్గురికి వంగి వండుత. ఇంకెన్నేండ్లు వంగాలె? కిటికీ తెరిస్తె పక్కింటామె, కిష్టమ్మ అంట, మీరు కొంటున్నరా అక్కా అని కరివేపాకు అందిచ్చింది. నా పేరన్న అడగలే ఇంకా, అక్కా అన్నది." కొంగుతో మొహం తుడుచుకుంది. "బాటసింగారంల నాకు ఎవలు అందిస్తరు? పల్లేరుకాయలు."

దూరంగా డప్పు ఒక్కసారి జోరందుకుని తగ్గింది. అంతయ్య లోపల ఎక్కడో, గేటుకు వేసిన చెయ్యి వదిలినట్టయింది. వదిలాక చెయ్యి ఎంత నొప్పిగా ఉందో తెలిసింది. అయినా ఇంకొకటి అడగకుండా ఉండలేకపోయాడు, చిన్నపిల్లవాడిలా అడిగాడు. "మరి రేపు మనకేమన్న అయితే? గల్లీ గంత ఇరుకు."

సైదమ్మ అతని వంక చూసింది. పెళ్లయిన కొత్తలో, పట్నంలో ఇల్లెట్లా దొరుకుతుందని అతను భయపడినప్పుడు చూసిన చూపే. "గల్లీలనే వేస్తరు టెంటు. అందరి ఇండ్ల ముంగట వేసినట్టె. అప్పటికి గల్లీ మనది గాదా?" అని, తెడ్డు అతని చేతికిచ్చి, కలుపు, అడుగంటుతది అని ఉప్పు కోసం వెళ్లింది.

అంతయ్య కలిపాడు. చేత కాకపోయినా కలిపాడు. అన్నం బరువు భుజం దాకా తెలుస్తోంది. ఆవిరి కళ్లకు కొడుతుంటే, కొన్నేళ్ల తర్వాత ఒక పొద్దున ఆ వంటింటి గట్టు దగ్గర సైదమ్మ వీపు కనిపించింది, నిటారుగా, కిటికీలోంచి ఎవరితోనో మాట్లాడుతూ. జ్యోతిక పెరట్లో తల ఆరబెట్టుకుంటోంది. తను డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు, ఎక్కడ విప్పాలని ఎవరినీ అడగకుండా, తోచిన చోట. గోడకు చెయ్యి ఆనించాడు. చెయ్యి అలాగే ఉంచాడు.

మహేందర్ వచ్చి పక్కన నిలబడితే, లేచి, చేతులు తుడుచుకుని, తమ్మీ, గా ప్లాటు వేరేటోళ్లకు చెప్పు, మేం మీర్‌పేట్ పోతున్నం అన్నాడు. మహేందర్ మొహం చిన్నబోయింది. అన్నా, పక్కపక్కన ఉందమనుకున్న గదా అన్నాడు, ఆ మాటలో ఎగతాళి లేదు. నువ్వు కట్టిన నాడు వచ్చి పది రోజులు ఉంటం అన్నాడు అంతయ్య. వదినె చెప్పిందా అని అడిగి, తనే తలూపుకుని, మోటారు సైకిలు మనిషి వైపు వెళ్లిపోయాడు.

భానుమూర్తి సారు ఆగిపోయిన కార్ల వరసలోంచి నడుచుకుంటూ వచ్చాడు. తోడల్లుడి కారు అక్కడెక్కడో ఇరుక్కుపోయింది, బంతి లేచేదాకా కదలదు. ఇస్త్రీ చొక్కా చెమటకు తడిసి, చేతిలో ఫోను పట్టుకుని, కండువాల మధ్య దారి వెతుక్కుంటూ, ఎవరికీ తగలకుండా ఒదిగి ఒదిగి నడుస్తున్నాడు. అంతయ్యను చూసి ఆగాడు. "రోడ్డు ఎప్పుడు వదుల్తారో తెలీదండీ. మీరు ఏ సంగతో చెప్పేస్తే..." అన్నాడు. అంతయ్యకు అప్పుడు అర్థమైంది, ఈయనకు కూడా ఇవాళ ఒక గేటు మూసి రావాల్సి వచ్చిందని. పదిహేనేళ్ల ఇంటి గేటు. "ఇల్లు మేం తీసుకుంటం సార్," అన్నాడు. తర్వాత, ఇంత పెద్ద రోడ్డు మీద, ఇంతమంది వింటుండగా, ఎవరు ఏమనుకుంటారో అని ఒక్క క్షణం ఆలోచించి, ఆ ఆలోచనను పక్కకు నెట్టి, "తిని పోదురు, కూచోండ్రి," అన్నాడు. సారు చుట్టూ చూశాడు. పిలిచింది తననేనా అన్నట్టు. మహేందర్ ఎక్కడి నుంచో వచ్చి, పాత పేపరు ఒకటి తారు మీద పరిచి, మోకాలితో అదిమి సాపు చేసి, నీళ్ల కోసం వెళ్లాడు.

కూచున్నారు. మోదుగాకు విస్తళ్లు పడ్డాయి. సైదమ్మే గరిటె పట్టుకుని వచ్చి అన్నం పెట్టింది, పప్పుచారు పోసింది, వంకాయ కూర వేసింది. సారుకు పెట్టేటప్పుడు ఆయన చాలన్నట్టు చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతి పక్క నుంచే ఇంకో గరిటె వేసింది. తారు వెచ్చదనం పేపరులోంచి పిక్కలకు తగులుతోంది. కారం ఎక్కువై సారు ముక్కు ఎర్రబడింది, ఆయన తల వంచుకుని తింటూనే ఉన్నాడు. మహేందర్ నీళ్ల గ్లాసు ఆయన వైపు జరిపాడు. వడ్డన అయ్యాక సైదమ్మ తన విస్తరి తెచ్చుకుని అంతయ్య పక్కన కూచుంది. ఇంట్లో ఎప్పుడూ అతను తిని లేచాకే తినే మనిషి, పక్కన కూచుని, మొదటి ముద్ద కలుపుకుంది. అతను తన విస్తరిలోని వంకాయ ముక్క ఒకటి తీసి ఆమె విస్తట్లో వేశాడు. ఆమె దాన్ని అన్నంలో కలిపేసుకుంది. అటూ ఇటూ ఆగిన బండ్లు, నడుమ పొడుగాటి బంతి, వందల మంది వంగి తింటున్నారు.